లోపట ఎవరెవరున్నరు?

పేరు రాయను. ఉన్న పేరు చాలు ఆయనకు. కాశిబుగ్గ మెయిన్ రోడ్డు మీద ఎవరిని ఆపి అడిగినా, "సెల్లు భాయా? అయ్యో, ఎంత మంచి మనిషి" అని మొహం ఒకలాగ పెట్టుకుని చెప్తారు. అదే రోడ్డుకు ఇవతల, రేడియోలు బాగుచేసే కాలం నుంచి దుకాణం నడుపుతున్న నా గురించి అడగండి. "ఆ ముసలాయననా? పనిమంతుడే గని జర కోపం మనిషి" అంటారు. ఆ 'గని' దగ్గరే నా బతుకంతా ఆగిపోయింది.

ఆయన పోయాక నలభయ్యో రోజున చేసే చాలీస్వా అయిపోయిన మరునాడు ఆయన భార్య నా దుకాణానికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె రోడ్డు దాటి ఇవతలికి రావడం అదే మొదలు. సంచిలోంచి ఒక ఫోన్ తీసి, అద్దం తుడిచి, నా బల్ల మీద బోర్లా పెట్టింది. బోర్లా పెట్టడం చూడగానే అది ఎవరి ఫోనో నాకు తెలిసిపోయింది.

"భాయ్‌సాబ్, ఇది ఆయనది. దవాఖానల ఉన్నప్పుడే చెప్పిండు. దీన్ని మీతోనే సాఫ్ చేయించాలెనట. ఇంకెవ్వరి చేతికి ఇయ్యద్దన్నడు."

"నాతోనా?"

"మీతోనే. బటన్ గూడ మీరే ఒత్తాలెనట."

ఆ చివరి మాట నాకు ముల్లులాగ ఎందుకు దిగిందో తెలియాలంటే ఆ మనిషి సంగతి చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ నిన్నటి నుంచి వేరే పని మీద మనసు నిలవడం లేదు.

ఆయన చేతులు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి. ఫోన్లు బాగుచేసే ఈ పనిలో ఉన్నవాడి చేతులు అట్లా ఉండకూడదు. నా వేళ్లు చూడండి, సోల్డరింగ్ కాలిన మచ్చలతో పాత పెనంలాగ ఉంటాయి. ఆయనది ఇస్త్రీ లాల్చీ, జేబులో అత్తరు వాసన వేసే రుమాలు. గిరాకీ ఫోన్ చేతికివ్వగానే దాని వంక చూసేవాడు కాదు. రుమాలుతో అద్దం తుడిచి, బల్ల మీద బోర్లా పెట్టి, మనిషి మొహంలోకి చూసేవాడు. అప్పుడు అడిగేవాడు:

"లోపట ఎవరెవరున్నరు?"

ఏమేమున్నయి అని కాదు. ఎవరెవరున్నరట! ఫోన్ ఏమన్నా తొర్రూరు బస్సా, లోపల మనుషులు కూర్చుని ఉండడానికి? మొదట అందరూ నవ్వేవాళ్లు. తర్వాత కొంచెం ఆలోచించేవాళ్లు. తర్వాత మొదలు. "మా చిన్నది బతుకమ్మ ఆడింది ఉంది భాయ్." "మా నాయిన నన్ను తిట్టింది రికార్డ్ చేసుకున్న భాయ్, ఇప్పుడు ఆయన లేడు." ఈయన చాయ్ తెప్పించేవాడు. తల ఊపేవాడు. చప్పుడు రాకుండా భుజాలతో నవ్వేవాడు. ఒక్కొక్క ఫోన్‌కు ఒక్కొక్క పూట. అదే పని నేను గిరాకీ నిలబడి ఉండగానే చేసి చేతిలో పెట్టేవాణ్ని.

అడగాలని నాకు తెలియదా? నేనూ అడుగుతాను. "అన్నీ పోతయ్. కావల్సినయ్ తీస్కున్నవా?" ఆయన పూటంతా చెప్పించుకున్నది ఇందులో లేదా? ఏం తక్కువైంది? చాయ్ తప్ప!

ఈ పని తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఫోన్ ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు లేచేదాన్ని బూట్‌లోడర్ అంటారు. గేటు దగ్గర కాపలా మనిషి లాంటిది. కంపెనీ పంపిన సిస్టమ్‌ను తప్ప ఇంకొకదాన్ని లోపలికి రానివ్వదు. కంపెనీ ఏమో కొన్నేళ్లకు కొత్త సిస్టమ్ పంపడం మానేస్తుంది. ఫోన్ గట్టిగానే ఉంటుంది, కానీ పాతబడిందని యాప్‌లు ఒక్కొక్కటే నడవనంటాయి. అప్పుడు ఆ కాపలాను తప్పించి, బయటివాళ్లు తయారుచేసిన కొత్త సిస్టమ్ ఎక్కిస్తే ఆ ఫోన్ ఇంకొన్నేళ్లు బతుకుతుంది. కొత్తది కొనలేనివాళ్లకు అదే దారి. అయితే ఆ కాపలా తప్పుకుంటూ తప్పుకుంటూ లోపలున్నదంతా తుడిచి మరీ తప్పుకుంటుంది. దుర్మార్గం కాదది. అట్లా తుడవకపోతే దొంగ కూడా కాపలాను తప్పించి మన ఇంటి సంగతులన్నీ చదువుకుంటాడు.

తుడవడమంటే పలక తుడిచినట్టు కూడా కాదు. లోపల మన ఫోటో ఫోటోలాగ ఉండదు. ఎవరికీ అర్థం కాకుండా కలగాపులగం చేసి ఉంటుంది. దాన్ని మళ్లీ ఫోటో చేసే తాళంచెవి ఒకటి ఫోన్ లోపలే దాగి ఉంటుంది. తుడిచినప్పుడు పోయేది ఆ తాళంచెవి. అది పోయాక ఫోన్ తయారుచేసినవాడు దిగివచ్చినా ఒక్క మొహం బయటికి తీయలేడు.

ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. ఏడో తరగతిలో బడి వదిలినవాణ్ని. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, వీడియోలు ఆపి ఆపి చూస్తూ, నా సొంత ఫోన్లు చంపుకుని నేర్చుకున్నాను. మరి ఆయన? క్యాసెట్లలో పాటలు నింపి అమ్మేవాడు. క్యాసెట్లు పోయాక ఈ పనిలోకి దిగాడు. ఎట్లా నేర్చాడంటారా? రోడ్డు అవతల కూర్చుని నన్ను చూసి. "ఉస్తాద్, జర ఆ కేబుల్ ఏందో చూపియ్యరాదుండ్రి" అని నవ్వుకుంటూ వచ్చేవాడు. ఉస్తాద్ అట! ఎగతాళి కాక ఇంకేమిటి? గురువు దుకాణంలో ఈగలు, శిష్యుడి దుకాణంలో నిలబడ చోటు లేదు.

ఇక ఆ బటన్ సంగతి. ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి చెప్పాల్సింది చెప్పాక, ఫోన్ తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. అంతా పోతుంది, సరేనా, అని. సౌండ్ బటన్‌తో 'సరే' దాకా దిగి, పవర్ బటన్ ఒత్తాలి. ఆ ఒత్తుడు ఆయన జన్మలో ఒత్తలేదు. ఫోన్‌ను ప్రసాదంలాగ రెండు చేతులతో పట్టుకుని గిరాకీ చేతిలో పెట్టేవాడు.

"నువ్వే ఒత్తు బిడ్డా. లోపట ఉన్నోళ్లు నీవోళ్లు. పొమ్మనెటందుకు నేనెవన్ని?"

కొందరు ఒత్తేవాళ్లు. కొందరు బొటనవేలు దాని మీద పెట్టి కళ్లు మూసుకునేవాళ్లు. కొందరు "ఇయ్యాల వద్దు భాయ్" అని ఫోన్ జేబులో వేసుకుని ఇంటికి పోయేవాళ్లు. పని కాకుండా పోయిన గిరాకీ కూడా ఆయన్ను మెచ్చుకుంటూ పోయేవాడు! కొన్ని ఫోన్లకు కాపలా తప్పించడానికి పర్మిషన్ అడిగిన తర్వాత కంపెనీవాళ్లే కొన్ని రోజులు ఆగమంటారు. మాకు అది శని. ఆయనకు మాత్రం పండుగ. "కంపెనీవోనికి గూడ దిల్ ఉంది ఉస్తాద్. మనిషి మనసు మార్చుకునెటందుకు టైమిచ్చిండు" అనేవాడు. దిల్ లేదు, గిల్ లేదు. దొంగ ఫోన్లు అమ్ముకోకుండా పెట్టిన అడ్డు అది. నేను చెప్పాను కూడా. భుజాలతో నవ్వాడు.

నేను ఎప్పుడూ నేనే ఒత్తాను. డాక్టర్ కత్తి తీసుకుని రోగి చేతికిస్తాడా? పని ఒప్పుకున్నవాడు చివరిదాకా చెయ్యాలి. ఆ పాపమేదో ఉంటే నా వేలికే అంటనీ అనుకున్నాను. దానికి నాకు దక్కిందేమిటి? ఆయన దగ్గర పోగొట్టుకున్నవాళ్లు తమను తాము తిట్టుకున్నారు. నా దగ్గర పోగొట్టుకున్నవాళ్లు నన్ను తిట్టారు. ముందే చెప్పాను, విన్నది, సరేనన్నది, అంతా అయ్యాక ఒకావిడ దుకాణం ముందు నిలబడి "నీ చెయ్యి ఇరుగ" అని పోయింది. అవతల ఆయన అప్పుడు చాయ్ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి తల వంచుకున్నాడు. జాలి! ఆయన జాలి నాకెందుకు?

జంపఖానాలు నేసే ఒకాయన సంగతి చెప్పకపోతే నా కడుపులో మంట చల్లారదు.

ఎండాకాలం. మా కాశిబుగ్గ మనిషే. ఫోన్ తెచ్చి ముందు నా దగ్గరికే వచ్చాడు. "వాట్సాప్ ఇగ దీంట్ల నడువదంటాంది అన్నా. ఆర్డర్లన్ని దాంట్లనే అస్తయ్" అన్నాడు. ఫోన్ తెరిచి చూశాను. నిండా జంపఖానాల ఫోటోలు. వాళ్ల నాయన వేసిన నమూనా కాగితాలు చెదలు తింటే, మిగిలిన పాత జంపఖానాలను ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడట. ఏ రంగు పక్కన ఏ రంగు, ఏ అంచుకు ఏ మూల అన్నీ వాటిలోనే. మెమరీ కార్డు వంక చూస్తే, దాన్ని ఎవరో ఫోన్‌తో కలిపేసి ఉంచారు. కార్డు వేసినప్పుడు ఫోన్ అడుగుతుంది, దీన్ని నాలో కలుపుకోనా అని. మనవాళ్లు ఏది అడిగినా 'సరే' ఒత్తుతారు. అట్లా కలిపితే కార్డు మీద కూడా ఫోన్ తాళమే పడుతుంది. ఫోన్ తుడిస్తే బయట ఉన్న కార్డు కూడా చచ్చినట్టే.

అదే చెప్పబోయాను. "చూడు, ఇదంత పోతది..." అన్నానో లేదో, ఆయన మొహం మాడిపోయింది.

"పోతదా? మా నాయినయి పోతయా?"

"పోతయ్. నేను చెప్పేది జర పూర్తిగ ఇను..."

ఇంకెక్కడ వినడం? ఫోన్ లాక్కుని రోడ్డు దాటాడు. ఎక్కడికో చెప్పక్కర్లేదు కదా.

అవతల రుమాలు తీయడం, తుడవడం, బోర్లా పెట్టడం, చాయ్. ఆ పూటంతా ఆ నేతాయన ఒక్కొక్క జంపఖానా కథ చెప్పడం, ఈయన "వాహ్" అనడం. నా దుకాణానికి ఒక్క మనిషి రాలేదు, నాకు చూడక తప్పలేదు. చివరికి ఫోన్ ఆపి, మెమరీ కార్డు బయటికి తీసి, ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి నేతాయన చేతికిచ్చాడు. "ఫోటోలన్ని కార్డులనే ఉన్నయ్. ఇగ ఫికర్ లేదు" అన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత ఫోన్‌కు కేబుల్ తగిలించాడు. తర్వాత రెండు చేతులతో పట్టుకుని...

చెప్పులు లేకుండా రోడ్డు దాటాను. తారు కాలుతోంది. ఆటోవాడు తిట్టాడు.

"ఒత్తకు! వేలు తియ్! ఆ కార్డు ఫోన్‌తోని కలిసి ఉంది. ఇది తుడిస్తె అది గూడ పోతది!"

నేతాయన బొటనవేలు బటన్ మీదే ఉంది. ఈయన మెల్లగా ఆ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. మొహంలో రక్తం లేదు. అది మాత్రం నేను చూశాను, నాకు చాలు అనుకున్నాను. కార్డు మళ్లీ ఫోన్‌లో వేసి, ఆన్ చేసి, ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి దించేదాకా నేను అక్కడే నిలబడ్డాను. తర్వాతే బటన్. నేతాయనే ఒత్తాడు.

అప్పుడైనా నా పేరు నిలబడాలి కదా? ఈయన లేచి నిలబడి నాకు సలాం చేసి, దుకాణంలో ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు అన్నాడు:

"చూసిండ్రా? ఎదురుంగ ఉస్తాద్ ఉన్నడనే నేను ధైర్యంగ దుకాణం తెరుస్తాన్న."

అందరూ 'ఎంత పెద్ద మనసు' అన్నారు. ఎవరిని? ఆయన్ని! కాళ్లు కాల్చుకున్నది నేను, పెద్ద మనసు ఆయనది. పొగడడంలో కూడా ఆయనే గెలిచాడు.

దసరాకు ఆ నేతాయన ఒక జంపఖానా నేసుకుని తెచ్చాడు. ఎర్ర అంచు, మధ్యలో నీలం మీద పసుపు చుక్కలు. వాళ్ల నాయన నమూనాట. పట్టుకెళ్లి ఎవరి బెంచీ మీద పరిచాడో మీకే తెలుసు. అప్పటి నుంచి పొద్దున షట్టర్ ఎత్తగానే నా కళ్లకు మొదట కనపడేది అదే. నేను కాపాడిన చుక్కలు, ఆయన గిరాకీల కింద. ఒకసారి ఆగలేక చూస్తూ ఉండిపోతే, అవతలి నుంచి కేకేశాడు:

"ఇది మీదే ఉస్తాద్! నా దగ్గర దాచిపెట్టిన అంతే!"

దాచిపెట్టాడట. ఇయ్యొచ్చు కదా! ఇస్తే నేను తీసుకునేవాణ్నా కాదా అన్నది తర్వాతి మాట.

నిరుడు ఆయనకు జబ్బు చేసింది. మొహం ఉబ్బింది, లాల్చీ వదులైంది. ఒక సాయంత్రం తనే రోడ్డు దాటి వచ్చాడు. నా స్టూల్ మీద కూర్చున్నాడు. బల్ల మీద ఉన్న నా ఫోన్ తీసుకుని రుమాలుతో తుడిచాడు, బోర్లా పెట్టాడు.

"ఉస్తాద్, మీ లోపట ఎవరెవరున్నరు?"

"ఎవ్వరు లేరు. లాక్ గూడ లేదు. చూస్కో."

చూడలేదు. నా మొహమే చూశాడు.

"నాదాంట్ల మస్తు మంది ఉన్నరు" అన్నాడు. "ఫోటోలు దుకాణం కంప్యూటర్ల వెడితె మందికి భయమాయె. నీ ఫోన్లనే జర ఉంచు భాయ్, కొత్త సిస్టమ్ ఎక్కినంక తీస్కుంట అనేటోళ్లు. తీస్కపోయినోళ్లు తీస్కపోయిన్రు. మర్చిపోయినోళ్లు ఉన్నరు. తుడువ బుద్ధి గాలె."

"తుడువకపోతె ఏం జేస్తవ్? నెత్తి మీద వెట్టుకోని తిరుగుతవా?"

"నాకు చాత గాదు ఉస్తాద్. మీకు చాతనైతది."

"నాకు గుండె లేదంటాన్నవా?"

భుజాలతో నవ్వాడు. దగ్గు వచ్చింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. అదొక్కటే ఆయన నా దుకాణంలో తాగింది.

మళ్లీ నిన్నటి సంగతికి వస్తాను. ఆ ఫోన్ నా బల్ల మీద బోర్లా ఉంది. ఎదురుగా ఆయన భార్య.

తిరగేసి చూశాను. గీత గీసి తెరిచే తాళం. "ఈ గీత మీకు ఎర్కేనా అమ్మా?"

"ఎర్క లేదు. ఎన్నడు చూడలె." బల్ల మీదికి వంగింది. "తెరువరాదా భాయ్‌సాబ్? మా పెండ్లి ఫోటోలు దాంట్లనే తీసి వెట్టిండు. పొద్దుగాల నన్ను నమాజుకు లేపుకుంట ఆయన మాట్లాడింది ఉంది. ఒక్కసారి వింటే చాలు. స్టేషన్ రోడ్డుల ఒకాయన తెరుస్త అన్నడు."

"అబద్ధం చెప్పిండు. తెరువరాదు. గీత తప్పు గీసినకొద్ది ఇంకింత సేపు ఆగుమంటది తప్ప తెరుచుకోదు. రేపెవడన్న ఉపాయం కనిపెడితె, అప్పుడు మీవి ఒక్కటే గాదు, అందరివి చూస్తడు."

"ఆయన గూడ గిదే అన్నడు." చెయ్యి చాచి ఫోన్ అంచు మీద వేళ్లు పెట్టింది. "తెరువరాకున్నా, ఇప్పుడైతే ఉన్నడు గద లోపట?"

"ఉన్నడు."

"ఒత్తితె ఉండడు."

"ఉండడు."

మెత్తగా చెప్పడం నాకు రాదు. ఆయన అయితే ఏదో ఒకటి అనేవాడు. చాయ్ తెప్పించాలని అప్పుడు తోచింది. హోటల్ వైపు చూసి కేకేశాను. ఎన్నడూ పిలవనివాణ్ని, హోటల్‌వాడు నన్నే చూస్తూ నిలబడ్డాడు తప్ప కదల్లేదు.

ఆమె మెల్లగా అంది: "నేను కొట్లాడిన భాయ్‌సాబ్. లోకమందరితోని వాళ్లతోనే ఒత్తిపిస్తవు గద, నాతోని ఎందుకు ఒత్తిపియ్యవు, నేను గానా నీదాన్ని అని. గప్పుడన్నడు, 'నీతోని గాదు. ఎదురుంగ ఉస్తాద్ ఉన్నడు. ఆయన ఒత్తుతడు. ఒత్తినంక నీ మొహం గూడ చూడడు. నువ్వు మంచిగ ఏడ్వొచ్చు' అని."

అంటే తెలుసు! ఇన్నేళ్లూ తెలుసు ఆ మనిషికి, ఆ బటన్ ఎంత బరువో. లోకం చేతిలో పెట్టాడు, పెద్ద మనసు అనిపించుకున్నాడు, తీరా తన ఇంటిదాని దగ్గరికి వచ్చేసరికి ఆ బరువు నా వేలి మీద పెట్టి పోయాడు. నేను చేస్తున్నది ఏమిటో కాశిబుగ్గ మొత్తంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ బతికుండగా నాతో ఆ మాట అనలేదు.

"ఒత్తమంటరా?" అన్నాను.

ఆమె ఫోన్ మీది నుంచి వేళ్లు తీసింది. "ఒత్తుండ్రి. మాటిచ్చిన."

ఫోన్ ఆపి, పవర్ బటనూ సౌండ్ బటనూ కలిపి పట్టుకుంటే నల్ల తెర మీద అక్షరాలు వచ్చాయి. అన్నీ తుడిచే వరుస దాకా దిగాను. ఎప్పటిలాగే అడిగింది, సరేనా అని. నా వేలు ఎన్నడూ ఆగలేదు. అక్కడ కొంచెం ఆగింది. అట్లా ఆగినందుకు నాకు కోపం వచ్చింది. ఒత్తాను.

తల ఎత్తితే ఆమె మొహం కనపడుతుంది. రోడ్డు వంక తిరిగాను. ఆయన చెప్పినట్టే చేస్తున్నానని తెలిసీ తిరిగాను. అవతల షట్టర్ వేసి ఉంది. వెనక సన్నగా ఏడుపు వినపడింది, కాసేపటికి ఆగింది. ఫోన్ మళ్లీ లేచి, కొత్తవాణ్ని పలకరించినట్టు, ఏ భాష కావాలని అడిగింది.

ఆమె దాన్ని తుడిచి సంచిలో వేసుకుంది. "షుక్రియా భాయ్‌సాబ్" అని పోయింది. జంపఖానా మాట ఎత్తలేదు. నేను అడగలేదు. అడిగితే ఇచ్చేది.

చాయ్ తర్వాత వచ్చింది. ఒక్కణ్నే తాగాను.

నా ఫోన్ బల్ల మీద ఉంది. ఆ రోజు ఆయనతో ఎవరూ లేరన్నాను. లాక్ కూడా లేదన్నాను. లాక్ లేని మాట నిజం. నా ఇంటావిడ ఇల్లు ఊడుస్తూ కూనిరాగం తీసింది ఒకటి ఉంది అందులో, ఆమెకు తెలియకుండా నేను రికార్డ్ చేసింది. ఆమె పోయాక ఒక్కసారి కూడా వినలేదు. రేపు నేను పోతే ఈ ఫోన్ ఎవడి చేతికి పోతుందో, వాడు ఏది విని నవ్వుతాడో. ఎవరితోనో ఒకరితో ఒత్తించాలి. చేతులు శుభ్రంగా ఉన్నవాడు కావాలి. ముందు తుడిచి, బోర్లా పెట్టి, లోపట ఎవరున్నరని అడిగేవాడు కావాలి. అట్లాంటివాడు ఈ రోడ్డు మీద ఒక్కడే ఉండేవాడు. వాడు ముందే పోయి, నాతో తన పని చేయించుకున్నాడు.

ఇందులో కూడా ఆయనే ముందు.